ప్రదక్షిణములో చూడవలసినది



 

ఏదేని ఒక వేదమంత్రమునకు అర్థము చెప్పవలసినదిగా ట్రస్టువారు మమ్ములను కోరినారు. అర్థము చెప్పెదము. కాని దానికి ముందు, మేము చేసిన ఒక చిన్న ప్రయాణమును గూర్చి చెప్పవలసియున్నది. ఏలయనగా, ఈనాడు చెప్పబోవు మంత్రమును మేము పదునొకండవ యేట వల్లెవేసితిమి గాని, దాని అర్థము డెబ్బది యేండ్లు దాటిన తరువాత, వరిచేల గట్లమీద నడచుచుండగా తెలిసినది. గురువుగారు చెప్పలేదని కాదు. వారు చెప్పిరి, మేము వినలేదు.

మా పాఠశాలలో ఒకనాడు శుల్బసూత్రముల ప్రసంగము వచ్చినది. యజ్ఞవేదికను కొలుచు శాస్త్రమది. మేకులు పాతి, త్రాడు సాగదీసి, చతురస్రమును ఎట్లు తీర్చవలెనో, గరుడాకారమైన శ్యేనచితిని ఎట్లు పేర్చవలెనో అందు చెప్పబడినది. అయిదు ప్రస్తారములు, అనగా అయిదు వరుసలు. వరుసకు రెండువందల ఇటుకలు. వెరసి వేయి ఇటుకలు. క్రింది వరుసలోని సందుమీద పై వరుసలోని సందు పడరాదని నియమము. ఇది చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "గురువుగారూ, మన గుళ్ళు కూడా ఇలాగే కొలిచి కట్టారాండీ?" అని అడిగెను. "అవును నాయనా" అంటిమి. "ఏ గుడిలో చూడవచ్చునండీ?" అని మరల అడిగెను.

మాకు నోట మాట రాలేదు. ఏబది సంవత్సరములుగా గోదావరి సీమలోని ఆలయములలో మంత్రములు చెప్పుచున్నాము. ఎన్ని కుంభాభిషేకములలో కూర్చుంటిమో లెక్కలేదు. పూర్ణకుంభముతో ఎదురువచ్చెదరు; తిన్నగా గర్భాలయమునకు తీసికొనిపోయెదరు; కన్నులు మూసికొని స్వరము తప్పకుండ చెప్పెదము; సంభావన పుచ్చుకొని కారులో తిరిగివచ్చెదము. ఆ గుళ్ళలో ఒక్కదాని వెలుపలి గోడ ఎట్లుండునని అడిగినను చెప్పలేము. ఆ బాలునితో "సెలవులు రానీ, చూచివచ్చి చెప్పెదము" అంటిమి.

సంక్రాంతి వచ్చినది. పిల్లలు తమ తమ గ్రామములకు పోయిరి. కనుమ వెళ్ళిన మరునాడు మేము బయలుదేరితిమి. మేము అని బహువచనములో చెప్పుచున్నాము గాని, వెళ్ళినది మేమొక్కరమే! ఇంటిలో, "ఈ వయసులో ఒక్కరూ ఎక్కడికి? ఒక కుర్రవాణ్ణయినా వెంట తీసుకెళ్ళండి" అని అడ్డుపడినారు. శిష్యుడు వెంట ఉన్నచో మేము గురువులమై నడచెదము. ఎవరో ఒకరు గుర్తుపట్టి ఆసనము వేసెదరు. మరల గర్భాలయములోనే కూర్చుండవలసి వచ్చును. అందుచేత ఒంటరిగానే పోదలచితిమి. సంచిలో రెండు జతల బట్టలు, మరచెంబుతో నీళ్ళు, అటుకులు, బెల్లము. కోనసీమనుండి బస్సులో కాకినాడ చేరి, అక్కడనుండి సామర్లకోట వెళ్ళితిమి.

సామర్లకోటలోని కుమారారామ భీమేశ్వరాలయము పంచారామములలో ఒకటియని మీ అందరికి తెలియును. తూర్పు చాళుక్యరాజగు చాళుక్య భీముని కాలమున, అనగా 9వ శతాబ్ది చివర మొదలై 10వ శతాబ్ది ఆదిలో ఇది వెలసినది. స్వామివారు సున్నపురాతి లింగమూర్తి, సుమారు పదునాలుగు అడుగుల ఎత్తు. పాదములవద్ద దర్శనము క్రింది అంతస్తులో. శిరస్సునకు అభిషేకము పై అంతస్తులో. ఇన్ని మారులు అభిషేకము చేయించియు, రెండు అంతస్తులు ఏల కట్టిరో మేము ఆలోచింపలేదు. కట్టడము కొరకు లింగమును కొలువలేదు. లింగము కొరకు కట్టడమును కొలిచినారు. అంత ఎత్తైన మూర్తికి మానవుని చేయి అందవలెనన్న, సగములో ఒక నేల కావలెను. ఆ నేలయే పై అంతస్తు. ఇంత చిన్న సంగతి మాకు అరువది యేండ్లు పట్టినది!

ఆ ఉదయము మేము లోనికి పోక, వెలుపల ప్రాకారములో ఒక మూల కూర్చుంటిమి. విమానమునకు ఆరు అంగములని ఆగమములు చెప్పును. అధిష్ఠానము, పాదము, ప్రస్తరము, గ్రీవము, శిఖరము, స్తూపి. ఈ పేర్లు మాకు కంఠస్థమే. ఏ పేరు ఏ రాతిదో మాత్రము తెలియదు. వ్రేలితో చూపుకొనుచు, చిన్నపిల్లవాడు అక్షరములు దిద్దినట్లు, క్రిందనుండి మొదలుపెట్టితిమి. నేలమీద మెట్టువలె నిలిచిన పీఠభాగము అధిష్ఠానము. దానిమీద నిలిచిన గోడ పాదము. గోడ అయిపోయి చూరు ముందుకు వచ్చునది ప్రస్తరము. పైన మెడవలె సన్నగిలినది గ్రీవము. దానిమీద శిఖరము, ఆ పైన స్తూపి. పాదము, మెడ, తల అను ఈ పేర్లన్నియు శరీరమునకు సంబంధించినవే. ఆలయము పురుషాకారమని సభలలో ఎన్నిసార్లు చెప్పితిమో! ఆ పురుషుని నఖశిఖపర్యంతము చూచినది మాత్రము ఆనాడే.

సామర్లకోట గోడలలో శిల్పాలంకారము తక్కువ. గోడకు అంటిపెట్టుకొనిన అర్ధస్తంభములు, వాటి నడుమ సాదా రాయి. ఆ సాదా రాతిలోనే మా శిష్యుని ప్రశ్నకు సమాధానము దొరికినది. వరుసలు చూచుచు పోగా, సందుమీద సందు పడలేదు. శ్యేనచితికి చెప్పిన నియమమే, రాతి గోడకును చెల్లినది. సూత్రమనగా మనకు కంఠస్థము చేయు వాక్యము. కట్టినవానికి సూత్రమనగా నిజముగా త్రాడే. అందుచేతనే శిల్పిని సూత్రధారుడు అనియు అందురు. మేము వాక్యమును పట్టుకొంటిమి. అతడు త్రాడును పట్టుకొనెను. త్రాడు పట్టినవాని పని వేయి యేండ్లు నిలిచియున్నది.

మరునాడు పాసింజరు రైలులో బిక్కవోలు దిగితిమి. తూర్పు చాళుక్యులలో గుణగ విజయాదిత్యునికి బిరుదాంకుడను బిరుదము కలదనియు, ఆ పేరే ఊరికి వచ్చి క్రమముగా బిక్కవోలయినదనియు చెప్పుదురు. అచ్చట వినాయకస్వామి చెవిలో కోరిక చెప్పుకొనుట భక్తులకు ఆనవాయితీ. మేమును వరుసలో నిలుచుంటిమి. అందరును చెవిలో చెప్పి, వచ్చిన దారినే పోవుచున్నారు. ఆ ఊరిలో 9, 10 శతాబ్దుల నాటి చాళుక్యాలయములు ఆరు కలవు. ఊరిలో కొన్ని, పొలములలో కొన్ని. పొలములలోని వాటిని నక్కలగుడి, కంసరగుడి వంటి పేర్లతో పిలుచుచుందురు. స్వామి చెవివద్దకు వచ్చినవారిలో ఎందరు ఆ గుళ్ళవైపు పోయిరో తెలియదు. పోనివారిని మేమేమి అనగలము? మేమును అంతకుముందు రెండుసార్లు వచ్చి, పోనివారమే.

దాళ్వా నాట్లు పడుచున్న రోజులవి. గట్లమీద జాగ్రత్తగా నడచి ఒక గుడిని చేరితిమి. తలుపునకు తాళము వేసియున్నది. మనసు చివుక్కుమన్నది. లోపల కూర్చుండి ఒక్క ఆవృత్తి నమకము చెప్పుకొందమని మా సంకల్పము. గుమ్మమువద్ద నిలిచియుండగా, ప్రక్క చేనిలో నారు అందించుచున్న ఒక అమ్మ తలయెత్తి, "ఆయ్, తాళం వేసేరండి పంతులుగారూ. అయినా సూడాల్సిందంతా బయటే ఉందండి. సుట్టూ తిరగండి" అని చెప్పి మరల పనిలో వంగెను.

చుట్టు తిరిగితిమి. అంతస్తులుగా పైకి పోవు కొలది తగ్గుచున్న విమానము, గోడలలో దేవకోష్ఠములు, వాటి పైన మకరతోరణములు. రెండు మొసళ్ళ నోళ్ళనుండి వెలువడిన తోరణము, నడుమ పైకి లేచి, ఆకులై, తీగలై విచ్చుకొన్నది. ఉదయపు ఎండ ఏటవాలుగా పడుచున్నది గనుక ప్రతి గీతకు ఒక నీడ ఉన్నది. రాతిలో ఆకు చివర ఎచ్చట మడతపడవలెనో ఎరిగినవాడు చెక్కినాడు. వాని పేరు ఎచ్చటను లేదు.

తలుపు మూసియున్నది గనుక అరుగుమీదనే కూర్చుండి నమకము మొదలుపెట్టితిమి. ఈ మారు కన్నులు మూయలేదు. నాలుగవ అనువాకము వచ్చినది. మహాశయులారా, నేడు మేము చెప్పదలచిన మంత్రము ఇచ్చటనే ఉన్నది. ఆ అనువాకములో తక్షులకు, అనగా చెక్కి చేయువారికి, రథములు చేయువారికి, కుండలు చేయువారికి, కమ్మరులకు వరుసగా నమస్కారము చెప్పబడినది. పరమేశ్వరుడు ఆ రూపములలో ఉన్నాడని శ్రుతి. ఆ పదములు మా నోటినుండి వెలువడుచుండగా మా కన్నులు ఆ మకరతోరణముమీద ఉన్నవి. ఒక్కసారిగా మాకు గొంతు ఆగిపోయినది. స్వరము తప్పినది. ఏబది సంవత్సరములలో ఆ చోట మాకు స్వరము తప్పుట అదియే మొదలు.

ఎన్ని వేలసార్లు ఆ నమస్కారము చెప్పితిమి! ఎవరికి నమస్కరించితిమో వారి పని మా వీపు వెనుకనే, తల పైననే, ప్రక్క గోడలోనే ఉన్నది. నోరు నమస్కరించినది. కన్ను ఒక్కమారును ఆవైపు తిరుగలేదు. నమస్కరించిన వానిని చూడకుండ పోవుట మర్యాదయా? వీధిలో ఎవరైనను మనకట్లు చేసినచో ఏమనుకొందుము?

మూడవనాడు బస్సుమీద రామచంద్రపురము మీదుగా ద్రాక్షారామము చేరితిమి. అదియు రెండు అంతస్తుల భీమేశ్వరాలయమే. శ్రీనాథ మహాకవి భీమేశ్వరపురాణమును రచించినది ఈ స్వామిని గూర్చియే. అచ్చటి స్తంభములమీదను గోడలమీదను శాసనములు వందల సంఖ్యలో ఉన్నవి. తెలుగు, సంస్కృతము, కొన్ని అరవము. రాజరాజనరేంద్రుని కుమారుడై చోళ సింహాసన మెక్కిన కులోత్తుంగుని కాలపువి వాటిలో అనేకము. వీటిని శాసనశాఖవారు చదివి దక్షిణభారత శాసనముల నాలుగవ సంపుటమున అచ్చువేసియున్నారు.

మేము వేదము చదివినాము గాని, ఆ నాటి లిపి చదువలేము. ఒక స్తంభమువద్ద నిలిచి తడుముకొనుచుండగా, అచ్చట కాగితములతో కూర్చుండి అక్షరములు ఎత్తివ్రాసికొనుచున్న కళాశాల విద్యార్థి ఒకడు, "ఎదురుగా చూస్తే కనబడవండి తాతగారూ, పక్కనుంచి వెలుతురు పడాలి" అని, చేతి టార్చిని స్తంభమునకు ప్రక్కగా ఆనించి వెలిగించెను. అంతవరకు గరుకు రాయిగా ఉన్నది కాస్తా, వరుసలు వరుసలుగా అక్షరములై లేచినది. ఆ పిల్లవాడు ఒకటి చదివి వినిపించెను. స్వామికి అఖండదీపమునకై ఎవరో పశువులను ఇచ్చిరి. వాటి నేతితో దీపము ఆచంద్రార్కము వెలుగవలెనని ఏర్పాటు. అట్టివి అక్కడ ఎన్నియో ఉన్నవట. రాజులు మాత్రమే కాదు, ఉద్యోగులు, వర్తకులు, స్త్రీలు తమ పేరిట దీపములు పెట్టించిరట.

అది వినుచుండగా మాకు మా గ్రామములోని ఒక స్తంభము జ్ఞాపకమునకు వచ్చినది. అక్కడినుండి మాకు మనశ్శాంతి లేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా గ్రామమున శివాలయ జీర్ణోద్ధరణ జరిగినది. కమిటీలో మేమును ఉంటిమి. ముఖమండపపు రాతి స్తంభములకు రంగు వేయవలెనా వలదా అని ప్రశ్న వచ్చినది. ఒక ఉపాధ్యాయుడు, "ఒక స్తంభంమీద ఏదో వ్రాత ఉన్నదండీ, దాన్ని ఎవరిచేతనైనా చదివించి అప్పుడు చూద్దాం" అని మెల్లగా చెప్పెను. మేమేమంటిమో తెలియునా? "దేవాలయము శుభ్రముగా, శోభగా ఉండవలెనని శాస్త్రము. కుంభాభిషేక ముహూర్తము దగ్గరపడినది. వేయించుడు" అంటిమి. మేము శాస్త్రమని ఒక్కమాట అన్న తరువాత ఎవరు మాటాడెదరు? ఆయన ఊరకుండెను. మూడుదినములలో స్తంభములన్నియు పసుపు, ఎరుపు ఎనామిల్ రంగులతో మెరిసినవి. అందరును ఆనందించిరి. మేమును ఆనందించితిమి.

ద్రాక్షారామమునుండి ఇల్లు చేరిన రాత్రియే, టార్చి తీసికొని ఆ గుడికి పోయితిమి. ఆ విద్యార్థి చూపినట్లు, స్తంభమునకు ప్రక్కగా ఆనించి వెలిగించితిమి. దళసరి రంగు క్రింద ఏవో పల్లములు లీలగా తోచినవి. వ్రేలితో తడిమితిమి. నాలుగు పంక్తులో, అయిదో. మొదట ఉండవలసినది శ్రీకారమని తలచి అచ్చట వ్రేలు నిలిపితిమి. శ్రీకారమో కాదో తెలియలేదు. ఎవరో ఒక దీపము పెట్టినారు. చంద్రుడును సూర్యుడును ఉన్నంతకాలము తన పేరు నిలువవలెనని రాతిమీద వ్రాయించుకొనినారు. వారికి మేము ఇచ్చినది ఒక డబ్బా రంగు.

దానములను హరించినవానికి ఏమగునో ఆ శాసనముల చివరనే వ్రాయుదురు. ఆ శ్లోకములు మేము సభలలో చదివినవారమే. మేము భూమిని హరింపలేదు, దీపమును ఆర్పలేదు అని సమాధానము చెప్పుకొనవచ్చును. కాని ఆ పేరును పలుకు అవకాశమును హరించితిమి గదా! అజ్ఞానముచేత అయిన పని అనుకొందమన్నను, తెలిసినవాడు ఒకడు ముందే చెప్పెను. చెప్పినవానిని మా పాండిత్యముతో ఊరకుండునట్లు చేసితిమి. అది అజ్ఞానము కాదు, అహంకారము.

మరునాడు ఉదయము ఆ ఉపాధ్యాయుని ఇంటికి పోయి, "ఆనాడు మీరు చెప్పినది సత్యము, మేము తప్పు చెప్పితిమి" అంటిమి. ఆయన నొచ్చుకొని, "అయ్యో, మీరు అంతమాట అనకూడదండీ" అని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చెను. ఆయనయే మాకు కొన్ని సంగతులు బోధించెను. ఎనామిల్ రంగు రాతి రంధ్రములను మూయును. లోపలి చెమ్మ వెలికి పోక, కాలక్రమమున పైపొర పెచ్చులుగా ఊడును. అప్పుడు రంగుతోపాటు అక్షరమును పోవును. అట్లని తొందరపడి గీకరాదు, ఇసుకను గాలితో చిమ్మి కడుగరాదు. అవి మరింత చేటు. రాతిని ఎరిగినవారు, తగిన మందులతో పొర పొరగా తీయవలెను. తీసిన తరువాత తడికాగితము అద్ది, మసి పూసి అచ్చుతీసి, చదువువారికి పంపవలెను. మేము కమిటీవారితో చెప్పి, పురావస్తుశాఖవారికి జాబు వ్రాయించితిమి. వారు ఇంకను రావలసియున్నది. ఆ స్తంభము ఈనాటికి రంగుతోనే ఉన్నది. రోజును దాని ముందునుండియే పోవుచున్నాము.

మహాశయులారా! మీలో ఆలయ ధర్మకర్తలు ఉన్నారు, కమిటీ సభ్యులు ఉన్నారు, జీర్ణోద్ధరణలకు ద్రవ్యమిచ్చు దాతలు ఉన్నారు. అందుచేత మూడు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది. మీ ఇంటికి దగ్గరలో నున్న పాత గుడికి ఒక సెలవుదినమున ఒంటరిగా పొండు. ప్రొద్దుట ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు గాని, సాయంకాలము గాని పొండు. నడిమధ్యాహ్నము నీడలుండవు, రాయి మూగదగును. మూడు ప్రదక్షిణములు చేయుడు. మొదటిదానిలో పీఠమును చూడుడు, రెండవదానిలో గోడను, మూడవదానిలో పైభాగమును. చేతిలో ఫోను ఉన్నచో సంచిలో పెట్టుడు. తెలియనిది అక్కడివారిని అడుగుడు. నారు అందించు అమ్మయైనను, మనకంటె ఎక్కువ చూచియుండును.

రెండవది. పాత రాతికి రంగుగాని, సిమెంటుగాని తగిలించుటకు ముందు, ఆ గుడిని నాలుగువైపుల ఫొటోలు తీయించుడు; వ్రాత ఏదేని ఉన్నదేమో టార్చితో చూడుడు; ఎరిగినవారిని పిలిచి చూపుడు. ముహూర్తము తరుముచున్నదని ఎవరైనను తొందరపెట్టినచో, పండితుడే తొందరపెట్టినను సరే, వినకుడు. ముహూర్తము మరల వచ్చును. చెక్కిన చేయి మరల రాదు.

మూడవది మంత్రార్థము. మీ గుడిలో నమకము చెప్పుచున్నప్పుడు నాలుగవ అనువాకము ఎచ్చట వచ్చునో పురోహితుని అడిగి తెలిసికొనుడు. తక్షులకు నమస్కారము అనుచోట ఒక్కసారి తలయెత్తి స్తంభమును, చూరును చూడుడు. ఆ నమస్కారమునకు అర్థము అదియే. దానికి వేరే వ్యాఖ్యానము అక్కరలేదు.

సెలవులు ముగిసి పిల్లలు పాఠశాలకు వచ్చిరి. ఆ బాలుడు మొదట అడిగిన మాట, "చూశారాండీ?" అని. "చూచితిమి" అంటిమి. వచ్చు అనధ్యాయ దినమున వానిని సామర్లకోటకు తీసికొనిపోయి, గోడకు ఎదురుగా కూర్చుండబెట్టి, సందుమీద సందు పడినదేమో నీవే చూచి చెప్పుమని అడుగదలచితిమి. అటనుండి తిరిగివచ్చి, మా ఊరి స్తంభమువద్దకును తీసికొనిపోయెదము. గురువు చేసిన తప్పును శిష్యుడు చూచుటయు చదువులో భాగమే.

స్వస్తి. సమస్త సన్మంగళాని భవంతు.